నీళ్లకూ నాకూ పడదు

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు వైపు చేను మాది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టి మార్కెట్ యార్డుకు తోలారు. మరలో పడి పసుపు పొడినయ్యాక, పోపులపెట్టెలో ఆవాల పక్క గిన్నె నా వంతుకొచ్చింది. అంతగా ఉడికినప్పుడు కూడా నా రంగు పెద్దగా నీళ్లపాలు కాలేదు.

ఉప్పు సంగతి వేరు. నీటి అణువులో ఆక్సిజన్ కొస కాస్త రుణావేశం, హైడ్రోజన్ల కొస కాస్త ధనావేశం. ఆక్సిజన్ కొసలు సోడియాన్ని, హైడ్రోజన్ కొసలు క్లోరైడ్‌ను పట్టి లాగి, చుట్టూ మూగి ఎత్తుకుపోతాయి. మామూలు వేడిమిలో 100 గ్రాముల నీళ్లు దాదాపు 36 గ్రాముల ఉప్పును మింగేస్తాయి. చక్కెరనైతే 200 గ్రాముల దాకా! దానికి ఆవేశం లేకపోయినా ఒళ్లంతా హైడ్రాక్సిల్ గుంపులే, వాటితో నీళ్లు హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటాయి.

నా రంగు ప్రధానంగా కుర్కుమిన్‌ది. 1815లో వోగెల్, పెల్లెటియే అనే శాస్త్రవేత్తలు నాలోంచి దాన్ని వేరుచేశారు. అందులో సింహభాగం కార్బన్ చట్రమే, నీటికి పట్టు చిక్కే చోట్లు తక్కువ. నన్ను ఇముడ్చుకోవాలంటే నీటి అణువులు తమలో తాము వేసుకున్న ముడులు విప్పుకోవాలి. బదులుగా నేనిచ్చేది అంతంత మాత్రం. ఆ బేరం నీళ్లకు గిట్టదు. గ్లాసు నీళ్లలో నన్ను చిటికెడు వేసి చూడండి: చెంచా తిప్పినంతసేపూ పసుప్పచ్చగా ఉంటాయి, కాసేపు వదిలేస్తే అడుగున మడ్డి, పైన తేట. ఆ మడ్డిలో పిండీ పీచూ కూడా ఉంటాయి లెండి, నిందంతా కుర్కుమిన్ మీద తోయడం అన్యాయం.

నూనెలో మాత్రం నా దర్జా చూడాలి. దాని అణువులూ చాలామటుకు కార్బన్, హైడ్రోజన్ గొలుసులే కాబట్టి, పోపులో పడగానే రంగు దిగుతుంది. పప్పుచారు మీద తేలే నూనె బొట్లు బంగారంలా మెరిసేది అందుకే. పసుపు పాలలోనూ నాకు వెన్న ఆసరా ఉంటుంది.

చొక్కా మీద పడితేనే గొడవ. సబ్బు అణువుకు ఒక కొస నూనెను, రెండో కొస నీటిని పట్టుకునే గుణం ఉంది గనుక కొంత లాగుతుంది. ఈలోగా సబ్బులోని క్షారం తగిలి నేను ఎర్రబడతాను, ఉతికేవాళ్లు హడలిపోతారు. పసుపు, సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఈ గుణంతోనే. మరక మిగిలితే చొక్కాను ఎండలో ఆరేయండి, వెలుతురుకు కుర్కుమిన్ విరిగి రంగు వెలిసిపోతుంది. ఈ గుట్టు నా నోటితోనే చెప్పాల్సి రావడం నా ఖర్మ.