కుక్కుట శాస్త్రం: అండర్-19 అధ్యాయం

చట్టం ఎంత వద్దన్నా సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర కుక్కుట శాస్త్ర పండితులకి ఊపిరి సలపదు. కనుమ దాటాక వాళ్లు ఖాళీ అయిపోతారనుకుంటే మన అమాయకత్వం. పండితుడు ఎక్కడికీ పోడండి, మైదానం మారుస్తాడంతే. డేగ పుంజుకి ఏ రోజు కలిసొస్తుందో, కాకి పుంజుని ఏ దిక్కు నుంచి వదలాలో చెప్పే ఆ ధీమాతోనే, నెట్స్‌లో నాలుగు కవర్ డ్రైవ్‌లు కొట్టిన పన్నెండేళ్ల కుర్రాణ్ణి చూసి, "ఆయ్, ఇండియాకి ఆడేస్తాడు, రాసిపెట్టుకోండి" అంటాడు.

ఎవరూ రాసిపెట్టుకోరు. అదే ఆయన ధైర్యం.

పోనీ, ఒక్కసారి రాసుకుందాం. 2012 ఆగస్టు, టౌన్స్‌విల్‌లో అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. కెప్టెన్ ఉన్ముక్త్ చంద్ 111 పరుగులతో అజేయంగా నిలిచి కప్పు తెచ్చాడు. కుర్రాడి మార్కెట్టు ఎక్కడికో వెళ్లింది, కోహ్లీ వారసుడన్నారు. సీనియర్ భారత జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే, 2021లో ఇక్కడి క్రికెట్‌కి దణ్ణం పెట్టి అమెరికా వెళ్లిపోయాడు. అదే జట్టులో మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి కూడా ఉన్నాడు. ఆ టోర్నీలో అతని బ్యాటు పెద్దగా మాట్లాడలేదు, పండితులూ అతని గురించి మాట్లాడలేదు. ఆ విహారే 2018లో ఓవల్‌లో టెస్టు టోపీ పెట్టుకున్నాడు. 2021 జనవరిలో సిడ్నీలో, తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో, 161 బంతులాడి 23 పరుగులతో నిలబడి ఆ టెస్టుని డ్రా చేయించాడు. నొప్పితో మూడు గంటలకు పైగా క్రీజులో ఉండగలడా అన్న గడి ఏ ఎంపిక ఫారంలోనూ కనపడదు.

బ్యాడ్మింటన్‌లో మన అమలాపురం కుర్రాడి సంగతి ఇంకా బావుంటుంది. ఆ సాత్విక్ సాయిరాజ్, అతని డబుల్స్ జోడీ చిరాగ్ శెట్టి ఇద్దరూ కోర్టు వెనక నుంచి స్మాష్ దంచేవాళ్లే. వీళ్లని జంట కడితే నెట్ దగ్గర ఎవరుంటారని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ కుర్రాళ్లకే వచ్చింది. మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ వినలేదు, కలిపి ఆడించాడు. 2022లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం, ఆ అక్టోబరులోనే ప్రపంచ నంబర్ వన్. గుంటూరు శ్రీకాంత్‌ది దీనికి తలకిందుల కథ. డబుల్స్ ఆడుకుంటున్నవాణ్ణి కోచ్ గోపీచంద్ సింగిల్స్‌లోకి మళ్లిస్తే, 2018 ఏప్రిల్‌లో నంబర్ వన్ అయి కూర్చున్నాడు.

"మరి కోహ్లీ సంగతేంటండీ?" అంటారు పండితులు. నిజమే, 2008 అండర్-19 కెప్టెన్ ఆయనే. 2000 టోర్నీలో ఉత్తమ ఆటగాడు యువరాజే. జోస్యం ఫలించినవాళ్ల ఫొటోలు గోడకెక్కుతాయి, ఫలించనివాళ్లవి అటక మీదకెళతాయి.

అమెరికావాళ్లు ఈ విద్యని మనకన్నా పద్ధతిగా చేస్తారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో (పేరుకే ఫుట్, ఆడేది ఎక్కువ చేత్తోనే) హైస్కూలు పిల్లలకే రెండు నుంచి అయిదు దాకా నక్షత్రాలు తగిలిస్తారు. అయిదు నక్షత్రాల పిల్లవాడు ప్రొఫెషనల్ లీగ్‌కి చేరే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువే, కాదనను. కానీ ఏటా ఆ అయిదు దక్కేది గుప్పెడు మందికి, దక్కనివాళ్లు వేలమంది. అందుకే లీగ్ నిండా ఉండేది ఆ దక్కనివాళ్లే. తర్వాత లీగ్ జట్లు చేసే ఎంపికా అంతే: ఏడు సూపర్ బౌల్‌లు గెలిచిన టామ్ బ్రేడీని 2000 డ్రాఫ్టులో 199వ వాడిగా తీసుకున్నారు. గుంపు గురించి చెప్పే లెక్కని తెచ్చి ఒక్క పిల్లవాడి జాతకచక్రంలో బిగించడంలోనే ఉంది తిరకాసంతా.

పైగా పన్నెండేళ్లప్పుడు మనం కొలిచేది ప్రతిభనా, పుట్టిన నెలనా? సెప్టెంబరు 1 గీతగా ఉన్న మన జూనియర్ క్రికెట్‌లో, సెప్టెంబరులో పుట్టినవాడు తర్వాతి ఆగస్టులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. ఆ వయసులో ఏడాదంటే జానెడు భుజం. ఇక మన ఊళ్ల పుట్టినతేదీల గురించి చెప్పేదేముంది? బడి రికార్డుల ప్రకారం పాత తరం సగం జులై 1నే పుట్టింది. అందుకే కదండీ క్రికెట్ బోర్డువాళ్లు కాగితాన్ని నమ్మలేక ఎముకల్ని వయసు అడుగుతున్నారు! ఆ జానెడు ఎక్కువున్నవాణ్ణి ఏరి, మంచి బ్యాటిచ్చి, మంచి పిచ్ మీద ఆడించి, నాలుగేళ్లయ్యాక "చెప్పానా?" అని మీసం దువ్వుతారు. పక్కకి తోసేసినవాడికి అవన్నీ ఇచ్చుంటే ఏమయ్యేవాడో ఎవరు చూడొచ్చారు?

జోస్యం తప్పిందా, శాస్త్రానికి మచ్చ రాకుండా చూసుకునే దారులు బోలెడు. కోడి ఓడితే ఆ జాములో అది నిద్రావస్థలో ఉందంటారు. కుర్రాడు ఓడితే రాజకీయాలంటారు, తండ్రి ఒత్తిడంటారు, చేతికి ఫోనిచ్చారంటారు. అయినా కోడి జాతకం చెప్పేవాడే నయం, తప్పితే వాడి జేబు కూడా చిరుగుతుంది. పిల్లల జాతకం చెప్పేవాడు ఫీజు ముందే పుచ్చుకుంటాడు.

ఈ వేసవిలో ఏ కోచింగ్ క్యాంపులోనైనా "ఎలైట్ బ్యాచ్" అంటూ ఎవరైనా రసీదు పుస్తకం తీస్తే ఒక్కటడగండి: పదేళ్ల కిందట మీ ఎలైట్ బ్యాచ్‌లో ఉన్న పిల్లలందరి పేర్లూ, ఇప్పుడు వాళ్లేం చేస్తున్నారో రాసిన జాబితా చూపించమని. కాఫీ మాత్రం తప్పకుండా తెప్పిస్తారు.