ఇంటాయన మూడ్: టీకా తాత్పర్య సహితం

మూలం
"నాన్నగారికి ఇవాళ ఏటో బాలేదర్రా. టీ ఇచ్చేసి వచ్చెయ్యండి. ఎవరూ కదపకండి."

అవతారిక
కోనసీమలో రోహిణీకార్తె. రాత్రంతా కరెంటు లేదు, ఉక్కకి కునుకు లేదు. తెల్లవారగానే ఇంటాయన ఊడిన చొక్కా బొత్తాం మీదా, కుట్టిన దర్జీ మీదా, బట్ట కొన్న ఊరి మీదా ధ్వజమెత్తగా, వంటింట్లోంచి ఇల్లాలు పిల్లలతో అన్న మాట ఇది.

ప్రతిపదార్థం
నాన్నగారికి = నిన్న సాయంత్రం ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి అందరికీ పంచిన ఆ మనిషికే; ఇవాళ = ఈ పూటకు మాత్రమే; ఏటో = కారణం తెలిసినా చెప్పదలచుకోని విధంగా; బాలేదు = మనసు కుదురుగా లేదు; అర్రా = ఓ పిల్లలారా; టీ = పంచదార తగ్గించని తేనీటిని; ఇచ్చేసి = 'ఏమైంది నాన్నా' అనకుండా అందించి; వచ్చెయ్యండి = గడప ఇవతలికి రండి; ఎవరూ = నానమ్మతో సహా; కదపకండి = ట్యూషను ఫీజు, బండి పెట్రోలు, అమ్మమ్మగారి ఊరి ప్రయాణం ఎత్తకండి.

వ్యాఖ్య
భరతుడు నాట్యశాస్త్రంలో స్థాయీభావాలు 8, సంచారీభావాలు 33 అని లెక్క తేల్చాడు. సంచారులు వచ్చిపోయేవి. నిర్వేదం, గ్లాని, చింత, అమర్షం ఇంటాయనకు కాఫీ వేళకే అయిపోయాయి. "నాకేం, బాగానే ఉన్నాను" అనడం అవహిత్థ, అంటే లోపలిది దాచడం. ఇల్లాలు నాట్యశాస్త్రం చదవకపోయినా 'ఇవాళ' అన్న ఒక్క మాటతో ఇదంతా సంచారుల పద్దులో వేసేసింది.

పూర్వపక్షం: పలకరించకపోతే పట్టించుకోనట్టు కాదా?

సమాధానం: కాదు. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. వరదతో అక్కడెవరూ వాదించరు. 175 గేట్లూ ఎత్తి సముద్రానికి వదిలేస్తారు. భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వినగానే లంకల వాళ్ళు సామాన్లు సర్దుకుంటారు. ఇంటికీ ఒక భద్రాచలం ఉంటుంది: చెప్పులు విడిచిన చప్పుడు, పేపరు మడిచిన తీరు. గేట్లు ఎత్తడమంటే టీ, చన్నీళ్ళ స్నానం, గంట నిద్ర, సాయంత్రం కాలవ గట్టు మీద నడక. నిద్ర చాలనివాడికి చిన్న విసుగూ పెద్దదిగా తోస్తుంది. ఆకలి మీదున్నవాడికీ అంతే. కాబట్టి తప్పెవరిదో తేల్చేముందు తిన్నాడా, పడుకున్నాడా అన్నది చూడాలి.

పాఠాంతరం
'నాన్నగారికి' అన్నచోట 'అమ్మకి' అని కొన్ని ఇళ్ళలో వినిపిస్తుంది. అదీ సాధువే. ఆ పాఠంలో టీ పెట్టేది నాన్నగారు.

అతివ్యాప్తి నివారణ
చెయ్యి చేసుకోవడాన్ని మూడ్ అనరు. ఈ వాక్యం దానికి రక్ష కాదు. దిగులు రెండు వారాలైనా వదలకపోయినా, నిద్ర లేకుండానే రోజుల తరబడి హుషారు పొంగుతున్నా అది సంచారి కాదు; టీతో తీరదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే చెప్పుకోవచ్చు.

తాత్పర్యం
ఓ పిల్లలారా! ఈ పూట కోపాన్ని ఈ పూట ఖాతాలోనే రాసి, మనిషిని మాత్రం నిన్నటి పూతరేకుల ఖాతాలో ఉంచండి. ట్యూషను ఫీజు రేపు, పెసరట్టు ఉప్మా అయ్యాక అడగండి అని ఇల్లాలి హృదయం.