నోరు తెరిపించే పెద్దాయన

కర్నూలు, కడప పల్లెల్లో ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు తగ్గినాయి. ఎద్దుల దళారి మాత్రం మిగిలిపోయినాడు. బేరాలు లేవు గానీ వేళ్ళ అలవాటు పోలేదు. ఎదురుపడిన ప్రాణి ఏదైనా సరే, పెదవి ఎత్తి పండ్లు చూడందే పోనివ్వడు.

ప్రొద్దుటూరు పక్కన మా ఊళ్ళోనూ ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు ఎమ్మిగనూరు జాతర దాకా పోయి బేరాలు తెగ్గొట్టినవాడు. "నాలుగు పండ్లు, మూడేండ్లకు దగ్గర" అన్నాడంటే ఇక వాదన లేదు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని ధర మాట్లాడుకోవడమే. ఇప్పటికీ తిరునాళ్ళ బండలాగుడు పందేల్లో పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని గిత్తలను విడగొడతారు కాబట్టి ఆ నాలుగు రోజులూ ఆయనకు గౌరవం. మిగతా ఏడాదంతా వీధి కుక్కలకు కష్టం.

ఎదురింటివాళ్ళు ఏడు నెలల ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నారు. పెద్దాయన దాని మూతి పట్టుకొని ఉలిక్కిపడ్డాడు. "ఏంది సామీ, పై వరస గూడా ఉండాదే!" పశువుకు పైన ముందు పండ్లు ఉండవు, కింద ఎనిమిదే మరి. తేరుకొని, నోరు నిండుగా ఉండటం చూసి, "ఐదేండ్ల కుక్కను పిల్లని చెప్పి అంటగట్టినారు నాయనా" అని తీర్పు చెప్పినాడు. కుక్కకు 28 పాలపండ్లు ఊడి, ఏడు నెలలకల్లా 42 పండ్లూ వచ్చేస్తాయని చెప్పి చూశాం.

"అంత తొందరేమొచ్చె దానికి?" అన్నాడు.

పిల్లి దగ్గర ఆయన శాస్త్రం బొత్తిగా సాగలేదు. దానికున్న 30 పండ్లలో కోరలు నాలుగని పిల్లే ఆయన వేలికి నేర్పింది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో సూది మొదలైంది.

అలాగని తీసిపారేసే మనిషీ కాదు. మూడిళ్ళ అవతల ఒక కుక్కకు కంటి కింద వాచింది. సంగటి ముద్ద నోట పెట్టుకొని వదిలేస్తోంది. ఇంటివాళ్ళు దిష్టి తీశారు, కంట్లో చుక్కలు వేశారు. దాని నోటి కంపుకు మాత్రం, కుక్కన్నాక అంతేలే అనుకున్నారు. పెద్దాయన ఒక్క చూపు చూసి, "కన్ను గాదు, పన్ను. ఒకపక్కే నములుతాంది చూడండి" అన్నాడు.

ప్రొద్దుటూరులో 2008లో పెట్టిన పశువైద్య కళాశాల ఉంది గదా, అక్కడికి తీసుకుపోయినారు. తోడు ఆయన లేకుండా ఎట్లా! పై దవడలోని పెద్ద నమిలే పన్ను పగిలి, వేరు దగ్గర చీము పట్టిందట. ఎముకలు కొరికీ కొరికీ పగులుతాయట. మత్తిచ్చి దాన్ని పీకి, మిగతా పండ్ల గార గీకినారు.

డాక్టరు రోజూ తోమమన్నాడు. అదీ జంతువుల పేస్టుతోనే. మన పేస్టుల్లో కొన్నిట్లో ఉండే జైలిటాల్ కుక్కకు విషం. "రోజూనా? మేమే తోమం" అని పెద్దాయన గొణిగినాడు. చిగుళ్ళు ఎర్రబడినా, మూతిని కాలితో రుద్దుకుంటున్నా ఆలస్యం చేయొద్దని చెప్పి, డాక్టరు ఈయన కట్టు కట్టిన వేలి వైపు చూశాడు. "చొంగ కార్చుకుంటూ దవడ వేలాడేసిందంటే మాత్రం నోట్లో చెయ్యి పెట్టొద్దు పెద్దాయనా. పిచ్చి పట్టిన కుక్క కావచ్చు." పెద్దాయన చెయ్యి తువ్వాలు కిందికి పోయింది.

ఆ మాట చెప్పి డాక్టరు నవ్వినాడు. నవ్వితే పండ్లు కనపడతాయి. బయటికి వచ్చినాక పెద్దాయన మాతో గుసగుసగా అన్నాడు: "ఇంకా ఆరు పండ్లోడే. కానీ బండ బాగా లాగుతాడు."