మా చేతికే తెలుసండీ!

ఈ ఊళ్ళో కొలతకి దొరకని పదార్థం ఒక్కటే. తెలుగింటి కూరలో పడే కారం.

మిగిలినవన్నీ దొరుకుతాయి. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఒక విడత కరిగించిన ఉక్కుని ‘హీట్’ అంటారు. ప్రతి హీట్‌కీ ఒక నంబరు. నమూనా తీసి లేబొరేటరీకి పంపిస్తే కార్బన్ ఇంత, మాంగనీసు ఇంత, గంధకం ఇంత అని లెక్క తేలుతుంది. 880 గ్రేడు రైలు పట్టాలో కార్బన్ 0.60 శాతానికి తగ్గకూడదు, 0.80 దాటకూడదు. హైడ్రోజన్ పది లక్షల పాళ్ళలో 1.6 పాళ్ళు మించకూడదు. ఎనిమిది గంటలు ఈ దశాంశాలకి కాపలా కాసి క్వార్టరుకొచ్చిన పెద్దమనిషి మొదటి ముద్దకే కళ్ళనీళ్ళు పెట్టుకుని, “కారం ఎంత వేశావే?” అంటాడు.

“ఎప్పుడూ వేసేంతే.”

విచారణ ముగిసింది. హీట్ నంబరు లేదు, నమూనా లేదు. ఆయన కూడా ఇంకేమీ అడగడు. ఎందుకంటే ఆదివారం మటన్ వండేది ఆయనే. సుపేలా సంతకి వెళ్ళొచ్చి, లుంగీ ఎగ్గట్టి, వారానికొక్కసారి గరిటె పట్టే మగవాడి చేతి కొలత మరీ ఘోరం. కారం సీసాని గిన్నె మీద వంచి, మణికట్టుతో రెండుసార్లు తడతాడు. ఎంత పడిందో సీసాకీ తెలీదు. “చెంచాలతో కొలిచి వండితే అది వంట కాదోయ్, మందు కలపడం” అని పక్కనున్న బావమరిదికి పాఠం చెబుతాడు. బావమరిది తలూపుతాడు. తినాల్సింది అతనే మరి.

ఈ విద్య కొత్త కోడలికి అందే తీరు చూడండి.

“అత్తయ్యా, వంకాయలోకి కారం ఎంత వెయ్యమంటారు?”

“కూరకి సరిపడా వెయ్యమ్మా.”

“సరిపడా అంటే ఎన్ని చెంచాలండీ?”

“చెంచాలేంటమ్మా! కూర మొహం చూస్తే తెలీదూ?”

కోడలు కూర మొహం చూస్తుంది. కూర నోరు విప్పదు. వేసింది ఎక్కువైతే “మీ అమ్మ ఏం నేర్పిందో” అన్న మాట పడుతుంది, తక్కువైతే “పథ్యం కూడు” అన్న మాట. ఎటు తిరిగినా గెలుపు అత్తగారిదే. కొలత చెప్పకపోవడంలో ఉన్న సుఖం ఇదే. అంకె చెప్పిన మనిషిని ఆ అంకె పట్టుకుని నిలదీయొచ్చు. ‘సరిపడా’ అన్న మనిషిని ఎవరు పట్టుకోగలరు?

నిలదీస్తే పూర్వీకుల్ని అడ్డం పెట్టుకుంటారు. మా నాయనమ్మ ఏనాడైనా కొలిచిందా అంటారు. కొలిచింది. శుభ్రంగా కొలిచింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. తూకానికొస్తే నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. కొట్టుకెళ్ళి ఏబులం చింతపండు, పదలం మిరపకాయలు అని అడిగిన మనుషులు వాళ్ళు. బియ్యం డబ్బాలో సోల గిన్నె ఎప్పుడూ ఉండేది. చదువు రాని ఆవిడకి ఉన్న లెక్క, ఇంజనీరింగ్ చదివిన మనవరాలికి లేకపోవడాన్ని సంప్రదాయం అంటే నాయనమ్మే ఒప్పుకోదు.

భిలాయికైతే ఈ సాకు అసలే చెల్లదు. ఈ ఊరి పుట్టుకే కొలతల్లో జరిగింది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న. మరుసటి ఏడాదే తూనికలు కొలతల చట్టం. 1959 ఫిబ్రవరి 4న బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించేనాటికి దేశంలో సేరు దిగి కిలో ఎక్కుతోంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళకి సోలా తవ్వా తెలుసు. ఇక్కడి ఛత్తీస్‌గఢీ రైతులు వడ్లని కాఠాతో, పైలీతో కొలిచేవాళ్ళు. రష్యావాళ్ళ డ్రాయింగులు మిల్లీమీటర్లలో ఉండేవి. ఇన్ని కొలతలు చుట్టూ ఉన్న ఊళ్ళో ఏ కొలతా అంటని వంటగది ఎలా తయారైందో పరిశోధించాల్సిన విషయమే.

అసలు గుట్టు ఎండాకాలంలో బయటపడుతుంది. మామిడికాయలొచ్చాయంటే, ఏడాదంతా “మా చేతికే తెలుసండీ” అన్న మహాతల్లే అటక మీంచి ఒక పాత స్టీలు గిన్నె దింపుతుంది. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ఉప్పు కాస్త వెలితిగా. కారం పోశాక వేలితో పైన చదును చేసి, మిగిలింది మళ్ళీ సీసాలో వేస్తుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే, “ఉండండి, లెక్క తప్పుతుంది” అంటుంది! చెయ్యి అదే, కన్ను అదే. మరి ఆ చేతికి తెలిసిందంతా వైశాఖంలో ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. ఆవకాయ పాడైతే ఏడాది పచ్చడి పోతుంది, నూనె డబ్బులు పోతాయి, నలుగురిలో పరువు పోతుంది. నష్టం వండినవాళ్ళది. కూరలో కారం ఎక్కువైతే పోయేది తిన్నవాళ్ళ కడుపు. తమ నష్టానికి గిన్నె, ఎదుటివాళ్ళ నష్టానికి చెయ్యి. చేతి కొలత అనే మహత్తర కళ వెనకున్న సిద్ధాంతం ఇంతకంటే పెద్దది కాదు.

పోనీ, చేతికి తెలుసనే అనుకుందాం. ఏ కారం సంగతి తెలుసు? హార్లిక్స్ సీసాలో ఎర్రగా ఉన్నది గుంటూరు సన్నమా, తేజా, బ్యాడిగీయా? బ్యాడిగీ పేరంతా రంగుదే, ఘాటు తక్కువ. తేజా చూడ్డానికి అంత ఎరుపు లేకపోయినా సన్నం కంటే బాగా ఘాటు. పోయిన సంక్రాంతికి ఊరినుంచి చిన్నాన్న రైల్లో తెచ్చిన కొట్టిన కారం అయిపోవచ్చింది. దాని మీదే పవర్‌హౌస్ మార్కెట్లో కొన్న పొట్లం గుమ్మరించారు. సీసా అదే కాబట్టి కారమూ అదేనని చెయ్యి నమ్ముతుంది. ఎప్పుడూ వేసేంతే వేస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చిన అతిథి గతి దేవుడికెరుక. పాపం, ఆయన చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతాడు. మిరపలో మంటపెట్టే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆయనకి అప్పుడు కావలసింది పెరుగు. మన వడ్డన మర్యాదలో పెరుగు వచ్చేది ఆఖరికి!

1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు ఈ మంటని కొలవాలనుకున్నాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్ళలో కలిపి, మంట తెలియకుండా పోయేదాకా పల్చన చేస్తూ ఐదుగురి చేత రుచి చూపించాడు. ఎన్ని రెట్లు పల్చన చేయాల్సి వచ్చిందో అదే ఆ మిరప అంకె. గుంటూరు సన్నానికి ఆ లెక్కలో సుమారు 35 వేల నుంచి 40 వేలు. 2007లో గిన్నిస్‌కెక్కిన మన ఈశాన్యపు భూత్ జొలోకియాకి పది లక్షల పైచిలుకు. ఇప్పుడా పని యంత్రాలు చేస్తున్నాయి గానీ, నాకు నచ్చింది ఆయన పాత పద్ధతే. కారాన్ని తినేవాడి నాలుకతో కొలిచాడు. మనవాళ్ళు వండేవాళ్ళ పౌరుషంతో కొలుస్తారు.

పౌరుషం అన్నాను కదా, ప్రవాసంలో అది ఇంకాస్త ఎక్కువ. తాతగారు రైలు దిగినప్పుడు వెంట తెచ్చిన తెలుగు, మనవడి దగ్గరికొచ్చేసరికి పండగ రోజు బాలాజీ గుళ్ళో వినే భాషగా మిగిలింది. వాడు అన్నం తినేది తెలుగులో, దెబ్బలాడేది హిందీలో. తెలుగువాడినని రుజువు చూపించడానికి పద్యం రాదు, చదవడం రాదు. చవగ్గా దొరికేది కారం ఒక్కటే. “తుమ్ లోగ్ కిత్నా తీఖా ఖాతే హో!” అని క్లాసు పిల్లలు నోళ్ళు వెళ్ళబెడితే, వాళ్ళమ్మ ఆ మాటని పద్మశ్రీలా చెప్పుకుంటుంది. ఇంట్లో మాత్రం వాడు పప్పులో నెయ్యి పోసుకుని కూర పక్కకి నెట్టేస్తాడు.

పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ళని చూసైనా నేర్చుకోలేదు మనం. 2022 మే డే రోజున రాష్ట్ర ప్రభుత్వం అందరినీ తినమని పిలుపిచ్చిన బోరే బాసీ మన చద్దన్నం లాంటిదే. నీళ్ళలో నానిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆ మిరపకాయ అన్నంలో కలిపి ఉండదు, పక్కన ఉంటుంది. ఎంత కొరకాలన్నది తినేవాడి ఇష్టం. పసివాడు ముట్టుకోడు, తాత రెండోది అడుగుతాడు. ఎవరి వంశగౌరవానికీ భంగం కలగదు.

ఇదే చేతి కొలతని ప్లాంటుకి పంపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. “కార్బన్ ఎంత వేశావయ్యా?” “ఉక్కు మొహం చూసి వేశానండీ.” తరవాత రైల్వేవాళ్ళకి ఉత్తరం: పట్టా కాస్త పెళుసైంది, పెరుగేసుకుని సర్దుకోగలరు.

కాబట్టి అమ్మలారా, అంతకంటే ముఖ్యంగా ఆదివారం అయ్యలారా, కారం సీసా మీద కాగితం అంటించండి. ఏ రకం మిరప, ఏ నెలలో కొట్టించింది, కిలో కూరకి ఎన్ని చెంచాలు. చెంచా కూడా ఒకటే ఉంచండి, రోజుకొకటి మార్చకండి. కోడలు అడిగితే అంకె చెప్పండి. ఆవకాయకి దింపే ఆ గిన్నెని మళ్ళీ అటకెక్కించకండి, కూరలకీ అది పనికొస్తుంది.