నీలిపెట్టె సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “మొదటి భాగం అమోఘం, తక్కిన మూడూ గుహలపాలు.”

కాలయాత్రికుడైన ‘డాక్టరు’ కథ చెప్పే బ్రిటిష్ టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’ అభిమానుల నోట ఏళ్ల తరబడి నలుగుతున్న సూత్రమిది. కర్త పేరు తెలియదు. సూత్రాలకు అదొక శోభ. ప్రతిపదార్థం: మొదటి భాగం = 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం బీబీసీ ప్రసారం చేసిన ‘యాన్ అనర్త్‌లీ చైల్డ్’ అనెడి, పాతిక నిమిషాలకు లోపడిన నలుపు తెలుపు భాగము; అమోఘం = గురి తప్పనిది; తక్కిన మూడు = ఆదిమానవులు నిప్పు కోసం కొట్టుకు చచ్చెడి తరువాతి భాగములు; గుహలపాలు = వ్యర్థములు. అన్వయం సులభం. ఎందుకు అమోఘమో సూత్రకర్త చెప్పకపోవడం వల్ల తాత్పర్యం దగ్గరే చిక్కు. బయట చిన్నదీ లోపల పెద్దదీ అయి, కాలంలో ప్రయాణించే నీలిపెట్టె వల్లనే అని పలువురు తేల్చేశారు. ఆ మాట నిలవదు. అసలు ఘనత పెట్టెది కాదు, పెట్టె దాకా మనల్ని నడిపించిన తీరుది.

కథ మొదలయ్యేది గస్తీ తిరిగే ఒక పోలీసుతో. ఆ వెనుక తలుపులు తెరుచుకుంటే పాతసామాను దొడ్డి, అందులో పోలీసు పెట్టె, అంటే పోలీసులను పిలిచే టెలిఫోను గూడు. ఆనాటి లండన్‌లో అది మన వీధి మలుపున తపాలా డబ్బా అంత మామూలు వస్తువు. ఉండాల్సిన చోట లేకపోవడం, సన్నగా రొద చేయడం మాత్రమే దాని వింత. ఆ వింతను అక్కడే వదిలేసి కథ బడికి పోతుంది. చరిత్ర టీచరు బార్బరా, సైన్సు మాస్టారు ఇయాన్, ఒక విద్యార్థిని గురించి మొరపెట్టుకుంటారు. ఆ పిల్ల సూసన్ లెక్కకు మూడు కొలతలు చాలవు, అయిదు కావాలంటుంది. షిల్లింగుల దగ్గర తడబడి, దశాంశ నాణేలు ఇంకా రాలేదు కదా అని సర్దుకుంటుంది. అవి బ్రిటన్‌లో వచ్చింది 1971లో. (అప్పటికే చర్చలో ఉన్న సంగతే గనుక రచయిత ఆంథొనీ కోబర్న్‌ను కాలజ్ఞాని అననక్కరలేదు.) పరలోకపు పిల్ల అనడానికి రుజువులు హోంవర్కూ చిల్లరడబ్బులూ! ఇక సూసన్ వెంట టీచర్లిద్దరూ దొడ్డికి చేరాక ఇయాన్ పెట్టెను తాకి, చుట్టూ ప్రదక్షిణం చేసి, దేనికీ తీగ తగిలించి లేదని నిర్ధారించుకుంటాడు. కాసేపటికి లోపలికి చొరబడి ఆ విశాలమైన గది చూశాక, చుట్టూ తిరిగి చూశాను కదా అనేదే అతని గోడు. తార్కికుల భాషలో, ఒక ప్రత్యక్షాన్ని మరో ప్రత్యక్షం బాధించింది. ఆ ప్రదక్షిణమే లేకపోతే లోపలి గది ఒట్టి సెట్టింగు. పెట్టె యజమాని, పేరుకు కథానాయకుడు అయిన డాక్టరు సైతం దాదాపు సగం నడిచాక గానీ తెర మీదికి రాడు.

ఇచట పూర్వపక్షం: ఇదంతా జ్ఞాపకం పూసిన మెరుగు. ముందురోజే కెనడీ హత్య జరిగింది, జనం మనసు ఇక్కడ లేదు. అందుకే మరుసటి శనివారం రెండో భాగానికి ముందు దీన్ని మళ్లీ వేశారు. జనాన్ని కట్టిపడేసినవి డిసెంబరులో, తరువాతి కథలో వచ్చిన డాలెక్‌లనే శత్రుజీవులు. ఆ ప్రేమనే వెనక్కి తెచ్చి మొదటి భాగానికి అంటగట్టారు. సమాధానం: జనం డాలెక్‌ల కోసం వచ్చారన్నది ఒప్పుకోవలసిందే. అయితే జ్ఞాపకంతో పని లేని పరీక్ష ఒకటుంది. ఈ భాగాన్ని రెండుసార్లు తీశారు. సెప్టెంబరులో తీసింది నాటక విభాగాధిపతి సిడ్నీ న్యూమన్‌కు నచ్చక మళ్లీ తీయమన్నాడు. అక్టోబరులో తీసిందే ప్రసారమైంది. రెండూ దొరుకుతున్నాయి. అదే కథ, డాక్టరు పాత్రలో అదే విలియం హార్ట్‌నెల్. మొదటిదాంట్లో ముసలాయన కర్కశుడు. రెండోదాంట్లో ఆ కాఠిన్యానికి కొంత కొంటెతనం కలిసింది. మొదటిదాంట్లో సూసన్ తాను నలభై తొమ్మిదో శతాబ్దంలో పుట్టానంటుంది. రెండోదాంట్లో వేరే కాలం, వేరే లోకం అని ఊరుకుంటుంది. అంకె పోగానే విస్మయం పెరిగింది. ఈ మార్పు జరిగింది మన తలపుల్లో కాదు, స్టూడియోలో. చేసినవాళ్లు లక్నోలో పుట్టిన 24 ఏళ్ల దర్శకుడు వారిస్ హుస్సేన్, 27 ఏళ్ల నిర్మాత వెరిటీ లాంబర్ట్. రాన్ గ్రెయినర్ బాణీని డీలియా డర్బీషైర్ టేపు ముక్కలు అతికి పలికించిన ఆరంభ సంగీతానికి వేరే టీకే రాయాలి.

మిగిలింది సూత్రంలోని ఉత్తరార్ధం. మొదటి భాగంలో డాక్టరు నాయకుడు కాడు. రహస్యం బయటపడకూడదని టీచర్లిద్దరినీ పెట్టెలో ఆదిమానవుల కాలానికి ఎత్తుకుపోయిన మొండివాడు. అతడెలాంటివాడన్న ప్రశ్న అక్కడ తేలదు. మూడో భాగంలో గాయపడ్డ ఆదిమానవుడి పక్కన అతడు రాయి అందుకుంటే, ఇయాన్ చెయ్యి పట్టి ఆపుతాడు. ప్రశ్నకు జవాబు దొరకడం మొదలయ్యేది ఆ చెయ్యి దగ్గరే. కనుక ‘అమోఘం’ సాధువు. ‘మూడూ’ అనడంలో అతివ్యాప్తి దోషముంది. రెండు, నాలుగు భాగాల విషయంలో టీకాకారుడు మౌనం వహిస్తున్నాడు. మూడోది చూడనివారు మాత్రం ఈ సూత్రాన్ని వల్లించకుందురు గాక.