పాలు లేని చాయ్‌కి పరామర్శలు

జనగామలో పాలు లేని చాయ్ అడిగితే మొదట వచ్చేది చాయ్ కాదు, పరామర్శ. "షుగరా సార్?" అని చాయ్ పోసే అన్న. "గ్యాసేమో" అని బెంచీ మీద ఒకాయన. "మా బావమరిదికి గూడ గిట్లనే సురువైంది" అని పేపర్ చదువుతున్న పెద్దమనిషి. ఆ బావమరిది చివరికి ఏమయ్యాడో తేలకముందే గ్లాసు చేతికొస్తుంది. అందులో పాలుంటాయి. "జరన్ని పోసిన సార్, రంగుకు."

ఈ వ్యాసకర్తకు ఏ రోగమూ లేదు. పాలు, చక్కెర తీసేస్తే తేయాకు రుచి తెలుస్తుందన్నారు, తీసేశాడు, తెలిసింది. కథ అక్కడితో ముగియాలి. కానీ బంధువులున్న మనిషికి ఏ కథా అంత తేలిగ్గా ముగియదు. "బాపుకు బ్లాక్ టీ ఇష్టమట" అన్న వార్త వరంగల్ దాటి, హైదరాబాద్ దాటి, డల్లాస్ దాకా పోయింది. ఇక డబ్బాలు రావడం మొదలైంది. ఊటీ పోయినవాళ్లు చాక్లెట్ టీ తెచ్చారు. అమెరికా నుంచి దిగినవాళ్లు పీచ్, వనిల్లా, స్ట్రాబెర్రీ తెచ్చారు. గృహప్రవేశానికి పోతే స్టీలు డబ్బా బదులు గులాబీ టీ చేతిలో పెట్టారు. ఇప్పుడు వంటింటి అలమర తెరిస్తే ఒకటో తరగతి పిల్లల సెంటు రబ్బరు వాసన గుప్పుమంటుంది.

వాసనలు పట్టుకోవడంలో తేయాకు దిట్ట. ఆ గుణం మీదే ఒక వ్యాపారం నడుస్తోంది. చైనాలో ఆకు మధ్య మల్లెలు పరిచి, పూల వాసన ఆకుకు ఎక్కాక పూలు తీసేస్తారు. అదే దేశంలో ఫూజియన్ రాష్ట్రపు ఊయీ కొండల్లో పైన్ కట్టెల పొగ పట్టించి లాప్సాంగ్ సూచాంగ్ అనే నల్ల టీ చేస్తారు. దాన్ని తాగేవాళ్లు కళ్లు మూసుకుని ఆనందిస్తారట. మన వంటింట్లో ఈ కళ ఎవరూ నేర్పకుండానే సాగుతోంది. మూత సరిగా పడని టీ పొడి డబ్బాను ఇంగువ పక్కన పెడితే చాలు.

డబ్బాలన్నిటిలో పెద్ద పేరున్నది ఎర్ల్ గ్రే. నల్ల టీకి బెర్గమాట్ అనే పుల్లపండు తొక్క నూనె పట్టిస్తారు. ఆ పండు ఎక్కువగా పండేది ఇటలీ దక్షిణపు కొసన, కలాబ్రియాలో. టీకి పేరిచ్చిన గ్రే ప్రభువు 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధాని. చైనా టీ వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని తీసేసిన 1833 చట్టం ఆయన హయాంలోదే. ఇంత చరిత్ర ఉన్న టీని కప్పులో పోసి ఇంట్లో ఆవిడ ముందు పెడితే దూరం నుంచే ముక్కు చిట్లించింది.

"గిదేం వాసన? సబ్బు గిట్ల ఉడకబెట్టిండ్రా?"

చరిత్రంతా విప్పి చెప్పాడు. ఆమె ఒక గుక్క తాగి తీర్పిచ్చింది: "దబ్బకాయ తొక్క. మా అమ్మగారింట్ల చెట్టే ఉండె. దీనికి ఇటలీ దాకా పోయిండ్రా?"

వృక్షశాస్త్రం కూడా దాదాపు ఆమె పక్షమే. దబ్బా, బెర్గమాటూ రెండూ నిమ్మ కుటుంబానివే.

బంధువులు డబ్బా ఇచ్చి ఊరుకుంటే బాగుండు. కూర్చుని, తమ చేత్తో చేసి, తాగించి పోతారు. చేసే తీరు ఒక్కటే. గిన్నెలో నీళ్లు, ఆకు, చక్కెర, దంచిన అల్లం వేసి పొంగొచ్చేదాకా కాచి, పాలు పోసి మళ్లీ కాచడం. ఈ పద్ధతి సీటీసీ పొడికి సరిపోతుంది. ఆకును నలిపి, చీల్చి, గుండ్లుగా చుట్టే సీటీసీ యంత్ర పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. ఇవాళ మన దేశపు టీలో సింహభాగం అదే. చిక్కటి రంగు, గట్టి రుచి చకచకా దిగుతాయి, ఎన్ని పాలు పోసినా తట్టుకుంటుంది. ఫ్లేవర్ టీ అలా కాదు. దాని వాసనంతా ఇట్టే ఆవిరయ్యే నూనెల్లో ఉంటుంది. పది నిమిషాలు కాస్తే వాసన కిటికీలోంచి పక్కింటికి పోతుంది, చేదు మాత్రం కొన్నవాళ్లకు మిగులుతుంది. పక్కింటివాళ్లు "మీ ఇంట్ల ఏమన్న పండుగనా?" అని అడిగారు కూడా.

"ఊటీల మస్తుండె బాపూ, ఈడ గట్ల వస్తలేదు" అని తెచ్చినవాళ్ల ఫిర్యాదు. వాళ్ల తప్పేం లేదు. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో నీళ్లు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి. జనగామలో దాదాపు 99 దాకా పోతాయి. అక్కడ మెత్తగా దిగిన ఆకు ఇక్కడ గరగరలాడుతుంది. పైగా ఊటీలో ఎముకలు కొరికే చలి, సెలవులు, కొత్త పెళ్లాం. ఆ మూడూ డబ్బాలో రావు.

ఈ చికాకు జనగామ పొలిమేరతో ఆగితే వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్‌ను విడదీసినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. బ్లాక్ టీ విషయంలో మాత్రం ఇంకా ఉమ్మడి జిల్లానే. మహబూబాబాద్‌లో అడిగితే "పాలు ఒడిసినంక రాండ్రి సార్" అన్నారు. పాలు అయిపోయిన దుకాణంలో మిగిలేదే బ్లాక్ టీ అన్నది అక్కడి నిర్వచనం. కానీ ఫ్లేవర్ విషయంలో ఆ ఊరికి బాకీ ఉండకూడదు. మిర్చి సీజన్‌లో మార్కెట్ యార్డు పక్కన నిలబడి గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే ఘాటు ఉచితం. మొదటి గుక్కకు తుమ్ము, రెండో గుక్కకు కన్నీళ్లు. డల్లాస్ సూపర్ బజార్‌లో ఇదే వస్తువును "స్పైస్డ్ టీ" అని అందమైన డబ్బాలో అమ్ముతారు.

భూపాలపల్లిది మరో దారి. నీళ్లు కాచడంలో ఆ జిల్లాకు రాష్ట్రంలోనే పెద్దపీట వేయాలి. చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. బొగ్గు మండించి నీళ్లు మరిగించడమే దాని నిత్యకృత్యం. కింద సింగరేణి బొగ్గు, పైన ఆవిరి, మధ్యలో షిఫ్టు దిగిన కార్మికులు. ఇన్ని ఏర్పాట్లున్న చోట ఒక్క గ్లాసెడు నల్ల టీ దొరక్కపోవడం బాధాకరం. చివరికి ఒక దుకాణంలో దొరికింది. కట్టెల పొయ్యి మీద పొద్దున్నుంచీ ఉడుకుతున్న డికాక్షన్. పొగ బాగా పట్టింది. చైనావాళ్లు పైన్ కట్టెలతో చేసే పనిని ఇక్కడ తుమ్మ కట్టెలతో కానిచ్చారు. దీనికి విడిగా డబ్బులు తీసుకోలేదు.

నిమ్మకాయ సంగతి కూడా చెప్పుకోవాలి. బ్లాక్ టీ అడిగితే లెమన్ టీ ఇచ్చేవాళ్లు కొందరు. రసం పడగానే ముదురు రంగు లేత పసుపుకు తిరుగుతుంది. బెంచీ అంతా ఏకగ్రీవం: "చూసిండ్రా? కల్తీ!" కల్తీ కాదు. టీకి ముదురు రంగునిచ్చే థియారూబిజిన్లు పులుపు తగిలితే లేతబారతాయి. నిజంగా రంగు కలిపారేమో చూడాలంటే వడపోత కాగితం మీద పొడి చల్లి తడపాలి. కాగితం మీద రంగు చారలు దిగితే అప్పుడు అనుమానించాలి. ఇది చెప్పినందుకు బెంచీ వ్యాసకర్త వైపు జాలిగా చూసింది. రోగం పైకి కూడా ఎక్కిందనుకున్నారు.

ఇలాంటి తగాదాలు రాకూడదనే ఇంగ్లీషువాళ్లు చాయ్‌కి చట్టం రాసుకున్నారు. నిజంగానే రాసుకున్నారు. 1980లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ టీ కాచే పద్ధతికి 3103 అనే నంబరు వేసింది. దీనికి మూలమైన బ్రిటిష్ ప్రమాణం ఆరు పేజీలు. ఆ ఆరు పేజీలకు 1999లో సాహిత్య విభాగంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వు, తర్వాత ఆలోచన పుట్టించే పనులకు ఇచ్చే బహుమతి అది. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు. తెల్ల పింగాణీ కుండ. పెద్ద కుండైతే 310 మిల్లీలీటర్లు, 8 అటూ ఇటూ. నీళ్లు అంచుకు 4 నుంచి 6 మిల్లీమీటర్ల దిగువ దాకా. మూత పెట్టి సరిగ్గా 6 నిమిషాలు. పాలు పోయక తప్పని మనిషైతే పెద్ద గిన్నెకు 5 మిల్లీలీటర్లు. జనగామలో 5 మిల్లీలీటర్ల పాలు పోస్తే మనిషి పిసినారి అంటారు, దుకాణం మూసేయిస్తారు.

ఆ లెక్కన మనమూ ఒక ప్రమాణం రాసుకోవాలి. బస్టాండ్ ప్రమాణం. గ్లాసు ఎంతుండాలంటే, చివరి గుక్క తాగాక ఇంకొక్క గుక్కుంటే బాగుండనిపించేంత. కాచే సమయం, కండక్టర్ విజిల్ వేసేదాకా. చల్లార్చే ఎత్తు, చెయ్యి చాపితే ఎంతో అంత, ఒక్క చుక్క కిందపడకుండా. వన్ బై టూ చెప్పినప్పుడు రెండు గ్లాసుల మట్టం సమానంగా ఉండాలి, లేకుంటే ఇచ్చినవాడే తక్కువ గ్లాసు తీసుకోవాలి. పేపర్ ఒక్కటే అయినప్పుడు ఆటల పేజీ కుర్రాళ్లకు, జిల్లా పేజీ పెద్దలకు, మధ్య పేజీ ఎవరికీ వద్దు. రాజకీయాలు మాట్లాడేవాడు రెండో చాయ్ చెప్పాలి. "నేనిస్త అన్నా" అని జేబులో చెయ్యి పెట్టినవాడు మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి బయటికి తీయాలి. బ్లాక్ టీ అడిగినవాణ్ని రోగం అడగరాదు. ఈ ఆఖరి నిబంధన ఉల్లంఘిస్తే బావమరిది కథ మొత్తం చెప్పాల్సి ఉంటుంది.

అసలు ప్రమాణం ఉద్దేశం గొప్ప టీ చేయడం కాదు. రెండు టీలను పోల్చి చూడటం. అందుకే పరీక్షకు పెట్టే గిన్నెలన్నీ ఒక్క తీరుగా ఉండాలంటుంది. ఆ ఒక్క నియమం దగ్గర మన పల్లెల హోటళ్లు చాలాకాలం తప్పాయి. ఒకే గిన్నెలో కాగిన చాయ్ రెండు రకాల గ్లాసుల్లోకి దిగేది. దళితుల గ్లాసులు వేరు. చూరులోనో గోడ గూట్లోనో ఉండేవి. తాగినవాళ్లే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. బెంచీ మీద కూర్చోవద్దు. హోటల్ పాత్రలు వాడుకోనివ్వకపోవడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. చట్టం వచ్చాక కూడా రెండు గ్లాసులు దశాబ్దాల పాటు నిలిచాయి. పల్లెల్లో అధికారులు జరిపే పౌర హక్కుల దినోత్సవాల్లో ఇప్పటికీ వాటి మాట వస్తూనే ఉంటుంది. తర్వాత పేపర్ కప్పు వచ్చింది. అందరికీ ఒకటే కప్పు, తాగి పారేయడమే, కడిగే పనే లేదు. కొన్ని చోట్ల మాత్రం కొందరికి గాజు గ్లాసు, కొందరికే పేపర్ కప్పు ఇచ్చిన ఉదంతాలు కూడా బయటపడ్డాయి. పీచ్, వనిల్లా తేడాలు పట్టగలనని గర్వపడే నాలుక ఆ వేరు గ్లాసు చాయ్ రుచి ఎన్నడూ చూసి ఉండదు.

పేపర్ కప్పుకూ ఒక ఫ్లేవర్ ఉంది. లోపల పూసిన పలుచని ప్లాస్టిక్ పొరది. అందులో 100 మిల్లీలీటర్ల వేడి పానీయం 15 నిమిషాలుంటే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు తేల్చారు. కాబట్టి గాజు గ్లాసే మంచిది, అందరికీ అదే గ్లాసైతే.

ఇక ఇంట్లో చేసుకునేవాళ్లకు: అస్సాందో నీలగిరిదో మామూలు ఆకు టీ కొనండి. కప్పుకు చిన్న చెంచాడు. నీళ్లు తెర్లగానే పొయ్యి దించి, ఆకు వేసి, మూత పెట్టి, మూడు నాలుగు నిమిషాలకు వడగట్టండి. ఫ్లేవర్ కావాలంటే రెండు ఏలకులో, నిమ్మగడ్డి పోచో, సన్నగా గీకిన దబ్బ తొక్కో మూత పెట్టేముందు వేయండి. నిమ్మరసం వడగట్టాక. డబ్బాలే కొంటామంటే వెనక వైపు చదవండి. వాసన కలిపిన టీని "ఫ్లేవర్డ్ టీ" అని ముద్రించి తీరాలని ఆహార భద్రత నిబంధన ఉంది. పక్కన పదార్థాల పట్టికలో డబ్బా మీది పండు పేరు లేకుండా ఉత్త ఫ్లేవర్ అనే ఉంటే, ఆ పండు బొమ్మ మీద తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చాయ్ దుకాణాల అన్నలకు ఒక్క విన్నపం. పాలు పోయకముందు ఒక గ్లాసెడు డికాక్షన్ పక్కకు తీసిపెట్టండి. రోగం అడగకండి. పాల చాయ్ పది రూపాయలైతే పాలు లేని చాయ్ కూడా పదే ఎందుకవుతుందో ఒక్కసారి ఆలోచించి, రెండు రూపాయలు తగ్గించండి.