ఆన్ చేస్తే మీ ఇష్టం, ఆఫ్ చేస్తే మీ కర్మ

తమ సాఫ్ట్‌వేర్ అన్ని ప్లాట్‌ఫామ్‌ల మీదా నడుస్తుందని చాటుకునేవారి బిల్డ్ ఫైలు తెరిస్తే, నడిపించుకునే భారం ఎవరి నెత్తిన పడిందో తెలిసిపోతుంది. విండోస్‌కి ఒక ఆప్షను, మ్యాక్‌కి ఒకటి, మ్యూజియంలో తప్ప కనబడని యూనిక్స్‌కి ఇంకొకటి. రాసేవాళ్లకు తెగని ప్రతి తగాదాకూ ఒక స్విచ్ బిగించి, దానికి వాడుకరి స్వేచ్ఛ అని పేరు పెట్టారు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేని స్విచ్‌లు 33 ఉంటే చాలు, దాదాపు 859 కోట్ల రకాల సాఫ్ట్‌వేర్ తయారవుతుంది. భూమ్మీద మనిషికొకటి పంచినా ఇంకా మిగులుతుంది. లినక్స్ కెర్నల్‌లో ఆప్షన్లు 15 వేలు దాటాయి. వాళ్లు కనీసం యంత్రాలను కూర్చోబెట్టి, తోచిన కలయికనల్లా రాత్రింబవళ్లు కంపైల్ చేయిస్తారు. తక్కిన మహానుభావులు తమ ల్యాప్‌టాప్‌లో నడిచిన ఒక్క కలయికను చూసుకుని మిగతా కోట్లకు పూచీ పడతారు.

స్విచ్ ఉంది కదా, అక్కర్లేనివాడు ఆపుకుంటాడని వీరి వాదన. 2014లో సర్వర్ల గుట్టు రట్టు చేసే హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఆ లోపం దాగిన హార్ట్‌బీట్ అనే సౌకర్యాన్ని తీసేసి కంపైల్ చేసుకునే ఆప్షను భేషుగ్గా ఉంది. కాకపోతే డిఫాల్టుగా ఆన్. ఆ పేరే వినని సర్వర్ల యజమానులు ముందుచూపుతో దాన్ని ఆపుకోలేదు, ఎంత అజాగ్రత్త! ఆ కోడ్‌ను చీల్చుకుని లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ మొదలుపెట్టిన ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు తొలినాళ్లలోనే 90 వేల లైన్లు ఊడ్చేశారు. కాలం చేసిన పాత మ్యాక్, 16 బిట్ల విండోస్ కోసం దాచిన సరుకు కూడా ఆ చెత్తబుట్టలోకే వెళ్లింది.

ఎంచుకునే శ్రమ మనిషికెందుకు, బిల్డ్ స్క్రిప్టే కంప్యూటర్‌ను పరీక్షించి తేల్చుకుంటుందని మరో వర్గం. తేల్చుకుంటుంది నిజమే. సీ భాష 1989లోనే ప్రమాణంగా ఖాయం చేసిన హెడర్ ఫైళ్లు ఉన్నాయా అని ఇప్పటికీ ఒక్కొక్కటే ఓపిగ్గా అడిగి, ఉన్నాయని మురుస్తుంది. లేనివాటి దగ్గర మాత్రం నరో వా కుంజరో వా. 2024లో ఎక్స్‌జెడ్ ప్రాజెక్టులో దొంగచాటుగా చేరిన ఒక్క చుక్క, ల్యాండ్‌లాక్ అనే రక్షణ ఉందో లేదో చూసే పరీక్ష కోడ్‌ను కంపైల్ కాకుండా చేసింది. స్క్రిప్టు అది తప్పని గుర్తించలేదు సరికదా, ఈ కంప్యూటర్‌లో ఆ రక్షణ లేదు కాబోలని సరిపెట్టుకుని, అది లేకుండానే నిశ్శబ్దంగా బిల్డ్ ముగించేది.

చిన్న రౌటర్‌లో చోటుండదు, బరువు తగ్గించే ఆప్షన్లు వద్దంటారా అని ప్యాకేజీలు కట్టేవారు అడగవచ్చు. న్యాయమైన మాటే, అవి ఉండాల్సిందే. కానీ కోరిన సౌకర్యం దొరకనప్పుడు బిల్డ్ అక్కడికక్కడే ఆగి కేకపెట్టాలి. ఎవరూ పరీక్షించని ఆప్షను ఉండటానికి వీల్లేదు. తీసేస్తే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారని భయమట. చేయనివ్వండి, ఆ ప్లాట్‌ఫామ్ మీద ఇంకా ఎవరో బతికున్నారని అప్పుడైనా తెలుస్తుంది.